విరిగిన బోల్టు

పిల్లలూ! మీలో చాలామంది బడికి సైకిలు మీదనే పోతూ ఉంటారు. ఎప్పుడయినా తీరిక చేసుకుని దాని పక్కన కూర్చుని బోల్టులు లెక్కపెట్టి చూశారా? మడ్‌గార్డులను పట్టుకుని ఉన్నవి కొన్ని, క్యారియరును పట్టుకుని ఉన్నవి కొన్ని, స్టాండుకు ఉన్నవి కొన్ని. కొత్తరకం సైకిలయితే మంచినీళ్ళ సీసా పెట్టుకునే చోట మరి రెండు. ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత ఉంటుంది. సైకిలు సవ్యంగా నడిచినన్నాళ్ళూ వాటి మొహం ఎవరూ చూడరు. వాటిలో ఒక్కటి విరిగిననాడు మాత్రం ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు.

నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడుగా పదవి విరమించి, విజయవాడలో ఉంటున్నాను. అటువంటి బోల్టు ఒకటి నా చేత మళ్ళీ పాఠం చెప్పించింది. ఆ సంగతి మీకూ చెబుతాను.

బుడమేరు తెచ్చిన చిక్కు

2024 సెప్టెంబరు నెల మొదటి రోజులను విజయవాడవాళ్ళు ఇప్పట్లో మరచిపోరు. కుంభవృష్టి కురిసింది. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగరు, పాయకాపురం మొదలయిన పేటలు నీట మునిగాయి. అదే సమయానికి కృష్ణ కూడా పొంగి, ప్రకాశం బ్యారేజి దగ్గిర 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహం వచ్చింది. కొన్ని వీధుల్లో నీరు రోజుల తరబడి తియ్యలేదు.

నీరు తీసిన తరవాత జనం గిన్నెలు కడుక్కున్నారు, పుస్తకాలు ఎండబెట్టుకున్నారు, మంచాలు కడిగి వీధిలో నిలబెట్టారు. సైకిళ్ళ మీద కూడా నాలుగు చెంబుల నీళ్ళు పోసి, చెయినుకు కాస్త నూనె వేసి మళ్ళీ తొక్కసాగారు. బోల్టుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

దసరా వెళ్ళిన తరవాత ఒక శుక్రవారం సాయంకాలం పదోతరగతి చదివే కుర్రవాడొకడు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికి వచ్చాడు. వాళ్ళది సింగ్‌నగరు. తండ్రి రోజూ తెల్లవారుజామున ఇడ్లీల డబ్బా క్యారియరు మీద కట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముతాడు. ఆ సైకిలు వరదలో అయిదు రోజులు మునిగి ఉన్నది. ఏదో తగిలి క్యారియరు ఒక పక్కకు వంగింది కూడా. తండ్రి జ్వరంతో పడుకుని ఉన్నాడనీ, మళ్ళీ బేరానికి వెళ్ళేలోపల క్యారియరు విప్పి సరిచేయిద్దామనీ కుర్రవాడు తనే పూనుకున్నాడు.

వెనక చక్రం ఇరుసు దగ్గిర, ఫ్రేముకే ఉన్న రెండు చెవుల్లో, కుడివేపు ఒకటీ ఎడమవేపు ఒకటీ బోల్టులు ఉన్నాయి. కుడివేపు దానికి పానా వేశాడు. పానా కాస్త పెద్దది. జారిపోయి తల మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. అప్పుడు పట్టకారుతో గట్టిగా పట్టి, దానికి ఒక గొట్టం తొడిగి, బలమంతా పెట్టి తిప్పాడు. టక్కుమన్నది! తల చేతికి వచ్చింది. మిగిలిన ముక్క ఫ్రేములోనే ఉండిపోయింది. దాన్ని పగలగొడదామని ఒక మేకు పెట్టి సుత్తితో కొట్టాడు. మేకు జారి ముక్క అంచున ఒక గుంట పడింది. చివరకు ఒక షాపుకు తీసుకుపోతే, "ఫ్రేము మార్చాలి," అన్నారట.

"మేష్టారూ, బోల్టు ఖరీదు రెండు మూడు రూపాయలు గదండీ? దానికోసం సైకిలంతా పోవాలాండీ?" అని అడిగాడు. అడిగేటప్పుడు వాడి గొంతు వణికింది. సోమవారం నుంచి తండ్రి మళ్ళీ ఇడ్లీలకు వెళ్ళాలి.

"మీ నాన్నకు చెప్పావా?" అన్నాను.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ముందు ఆ పని చెయ్యి. బోల్టు సంగతి ఇద్దరం కలిసి చూద్దాం," అన్నాను.

వాడు వేసిన ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు తెలియాలంటే ముందు మనకు మర అంటే ఏమిటో తెలియాలి.

మర అంటే ఏమిటి?

ఒక కాగితాన్ని మూలకు మూల కోస్తే పొడుగాటి త్రిభుజం వస్తుంది. దాని ఏటవాలు అంచున రంగు పెన్సిలుతో గీత గీయండి. ఇప్పుడు పొట్టి అంచును ఒక పెన్సిలుకు ఆనించి కాగితాన్ని చుట్టండి. రంగుగీత పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. మర అంటే అదే! ఏటవాలు దారిని కడ్డీ చుట్టూ చుడితే మర. దుర్గమ్మవారి కొండకు నిట్టనిలువుగా ఎక్కటం కష్టం, ఘాటురోడ్డు చుట్టూ తిరిగి ఎక్కటం సులువు. దూరం ఎక్కువ, శ్రమ తక్కువ. బోల్టులో కూడా జరిగేది అదే.

మన కుర్రవాడి సైకిలుకు ఉన్నది 5 మిల్లీమీటర్ల లావు బోల్టు. దాన్ని ఎం5 అంటారు. ఇది ఒక చుట్టు తిరిగితే 0.8 మిల్లీమీటరు మాత్రమే లోపలికి దిగుతుంది. 10 సెంటీమీటర్ల పానాతో ఒక చుట్టు తిప్పటానికి మీ చెయ్యి దాదాపు 63 సెంటీమీటర్లు, అంటే 630 మిల్లీమీటర్లు ప్రయాణం చేస్తుంది. 630ని 0.8తో భాగించండి. సుమారు 790! అంటే రాపిడి అనేది లేకపోతే మీ బలం 790 రెట్లు అవుతుందన్నమాట. అయితే రాపిడి ఉన్నది. పదిలో దాదాపు తొమ్మిది పాళ్ళు అదే తినేస్తుంది. అయినా సరే, మీరు 5 కిలోల బలంతో పానాను లాగితే బోల్టు మీద నాలుగైదు వందల కిలోల బరువు వేళ్ళాడినంత పని అవుతుంది.

ఆ బలానికి బోల్టు ఏం చేస్తుంది? సాగుతుంది! ఇనుము సాగటమేమిటని నవ్వకండి. కంటికి కనిపించనంత సాగి, మళ్ళీ పొట్టి కావాలని చూస్తుంది. ఆ లాగుడే క్యారియరును ఫ్రేముకు గట్టిగా అదిమిపెడుతుంది. ఒక హద్దు వరకు సాగిన బోల్టు మళ్ళీ మామూలుగా అవుతుంది. హద్దు దాటితే అట్లాగే సాగిపోయి చివరకు తెగుతుంది. చవకరకం ఎం5 బోల్టుకు ఆ హద్దు ఆ నాలుగైదు వందల కిలోల దగ్గిరే ఉంటుంది. పానాకు 40 సెంటీమీటర్ల గొట్టం తొడిగారంటే మీ బలం మరి నాలుగు రెట్లు అయిందన్నమాట. ఇక బోల్టు ఎట్లా నిలుస్తుంది?

రెండు రకాలు

నేను ఆరోతరగతి చదివే రోజుల్లో, అంటే 1970 దాటిన కొత్తల్లో, మేము కంకిపాడుకు అవతల ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మా తాతగారి నల్ల సైకిలు మడ్‌గార్డు గలగలమంటున్నదని నేను సరిగ్గా ఇదే పని చేశాను. పానాకు గొట్టం తొడిగి బిగించాను. బోల్టు తెగింది. ఏడుపు మొహంతో కాలవ గట్టున చెట్టుకింద సైకిళ్ళు బాగుచేసే ఆయన దగ్గిరికి పోయాను. ఆయన నవ్వి, రేకుడబ్బాలోంచి ఒక బోల్టూ నట్టూ తీసి రెండు నిమిషాల్లో బిగించి, "బిగించటం తెలిస్తే చాలదురా అబ్బాయ్, ఎక్కడ ఆపాలో తెలియాలి," అన్నాడు. పది పైసలు పుచ్చుకున్నాడు.

అప్పుడు అంత తేలికగా ఎందుకు తెమిలింది? ఆ పాతరకం సైకిళ్ళలో మడ్‌గార్డుకూ క్యారియరుకూ ఎక్కువగా బోల్టూ నట్టూ ఉండేవి. ఫ్రేములో ఉన్నది ఉత్త బెజ్జం. మర అంతా నట్టులో ఉన్నది. మర పోతే నట్టు పారేసి కొత్తది వేస్తే సరి.

గేర్ల సైకిళ్ళ వంటి కొత్త సైకిళ్ళలో నట్టు ఉండదు. ఫ్రేముకు ఉన్న చెవిలోనే మర కోసి ఉంటుంది. బోల్టు సూటిగా దానిలోకి దిగుతుంది. చూడటానికి నాజూకుగా ఉంటుంది. కాని ఇప్పుడు నట్టు పని చేస్తున్నది ఎవరు? సైకిలు ఫ్రేమే! నట్టును పారేసినట్టు ఫ్రేమును పారెయ్యలేం గదా. అందుచేత ఇక్కడ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: బోల్టును పోగొట్టుకున్నా ఫరవాలేదు, ఫ్రేములోని మరను కాపాడుకోవాలి.

కుర్రవాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే. బోల్టు ఖరీదు మూడు రూపాయలే. కాని అది దిగబడి ఉన్న బెజ్జం ఖరీదు సైకిలు ఖరీదు.

తుప్పు చేసే పని

ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు కలిస్తే తుప్పు పుడుతుందని మీరు చదివే ఉంటారు. మరొక సంగతి వినండి. తుప్పు అయిన ఇనుము మొదటి ఇనుముకన్న రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. బోల్టు మరకూ బెజ్జం మరకూ మధ్య ఉన్న సందు వెంట్రుకంత. ఆ సందులో తుప్పు పుట్టి ఉబ్బితే బోల్టును చుట్టూ బిగబట్టేస్తుంది. బురదనీటిలో అయిదు రోజులు నానిన సైకిలు సంగతి వేరే చెప్పాలా? వరద రాకపోయినా బందరు, నాగాయలంక వేపు ఉప్పుగాలికి ఇదే గతి పడుతుంది. ఉప్పు తుప్పును తొందరపెడుతుంది.

కొన్ని ఫ్రేములు అల్యూమినియంవి. బోల్టు ఉక్కు, ఫ్రేము అల్యూమినియం అయితే, రెండు వేరువేరు లోహాల మధ్య తడి చేరగానే అల్యూమినియం తినుకుపోయి తెల్లని బూజులాగా బోల్టును పట్టేస్తుంది. మీ ఫ్రేము ఏ లోహమో తెలుసుకోవాలంటే ఒక అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే సాధారణంగా అల్యూమినియం. కుర్రవాడి సైకిలుకు అయస్కాంతం అంటుకున్నది. మంచిదే, ఉక్కు కాస్త ఓర్చుకుంటుంది.

ఓపికకు వచ్చిన బోల్టు

కుడివేపు ముక్కను తాకకుండా, ముందు ఎడమవేపు బోల్టును చూశాం. అది ఇంకా విరగలేదు, కాని కదలటం లేదు. దానితో మేము ఏం చేశామో వరసగా చెబుతాను. మీకు పనికివస్తుంది.

మొదట ఇనప బ్రష్షుతో తలచుట్టూ ఉన్న మట్టీ తుప్పూ రుద్దేశాం. తరవాత తుప్పు వదిలించే పలచటి నూనెను రెండు వేపుల నుంచీ చుక్కలు చుక్కలుగా వేశాం. ఇది షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది. దీపపు వత్తిలోకి నూనె పాకినట్టే ఈ నూనె కూడా సన్నని సందులోకి తనంతట తాను పాకుతుంది. దానికి తొందర పనికిరాదు. వంటనూనె మాత్రం వెయ్యకండి. కొంతకాలానికి అది జిగురుగా మారి ఇంకా పట్టేస్తుంది.

"ఇప్పుడు తిప్పనా అండీ?" అన్నాడు కుర్రవాడు.

"ఇప్పుడు ఇంటికి వెళ్ళి నిద్రపో," అన్నాను.

రాత్రల్లా నాననిచ్చాం. శనివారం పొద్దున్నే వాడు వచ్చాడు. రాత్రే తండ్రికి అంతా చెప్పాడట. ఆయన కోప్పడలేదట గాని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదట.

మళ్ళీ నాలుగు చుక్కలు వేసి, బోల్టు తల మీద చిన్న సుత్తితో నెమ్మదిగా పది పదిహేను దెబ్బలు కొట్టాం. ఆ అదురుకు తుప్పు పెళ్ళలు విడిపోతాయి. తరవాత సరిగ్గా సరిపోయే 8 నంబరు పానా తగిలించాం. ఎం5 బోల్టు తలకు మామూలుగా 8 మిల్లీమీటర్ల పానా పడుతుంది. 9 వేస్తే వదులు, మూలలు అరిగిపోయేది అందుకే.

అప్పుడు కుర్రవాడికి ఆశ్చర్యం కలిగించే మాట చెప్పాను: "ముందు విప్పకు, వెంట్రుకవాసి బిగించు." పట్టేసిన బోల్టును మొదట బిగించే వేపు ఒక్క రవ్వ కదిలిస్తే తుప్పు చిట్లుతుంది. తరవాత విప్పే వేపు ఒక్క రవ్వ. మళ్ళీ బిగించే వేపు. మళ్ళీ విప్పే వేపు. మధ్యమధ్య నూనె. మొదట ఏమీ కదలలేదు. మూడు నాలుగు సార్లయిన తరవాత కీచుమని సన్నని చప్పుడు వచ్చింది. వాడు నా మొహంకేసి చూశాడు. పావుగంటలో ఎడమ బోల్టు మర చెడకుండా బయటికి వచ్చింది.

ఇంతకూ కదలకపోతే వేడి చెయ్యటం అనే ఉపాయం ఒకటి ఉన్నది. వెనక బండిచక్రానికి ఇనప పట్టా ఎట్లా వేసేవారో మీ తాతగారిని అడగండి. పట్టాను కాల్చితే వ్యాకోచించి దాని లోపలి చోటు పెద్దదవుతుంది, అప్పుడు చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే ముడుచుకుని బిగుసుకుంటుంది. అట్లాగే ఫ్రేము చెవిని వేడిచేస్తే బెజ్జం కాస్త పెద్దదయి బోల్టును వదులుతుంది. కాని నూనె వేసిన చోట నిప్పు పెడితే మంట లేస్తుంది, రంగు మాడిపోతుంది, అల్యూమినియం ఫ్రేము బలం తగ్గిపోతుంది. కనక ఈ పని పిల్లలు చెయ్యనే కూడదు. పెద్దవాళ్ళు కూడా పనివాడికే వదలాలి.

ఆటోనగరులో

ఇక కుడివేపు ముక్క. విరిగిన ముక్క కాస్త బయటికి పొడుచుకుని ఉంటే, ఆకురాయితో రెండు పక్కలా చదునుచేసి పానాతో పట్టుకోవచ్చు. లేదా రంపపు బ్లేడుతో దాని నెత్తిన గాడి కోసి స్క్రూడ్రైవరుతో తిప్పవచ్చు. మన ముక్క చెవికి సమంగా తెగింది. పట్టుకోవటానికేమీ లేదు.

ఇక్కడ నా చేతకానితనం నేను ఒప్పుకోవాలి. నా పెట్టెలో చేతి డ్రిల్లు ఉన్నది. కాని అంచున మేకు గుంట పడి ఉన్నది గదా, డ్రిల్లు ఆ గుంటలోకే జారుతుంది. జారితే బోల్టుకు బదులు ఫ్రేమును తొలుస్తుంది. అందుచేత ఇద్దరం ఆటోనగరు వెళ్ళాం. విజయవాడ ఆటోనగరు సంగతి మీరు వినే ఉంటారు. లారీలకు బాడీలు కట్టేవాళ్ళు, లేతు మిషన్ల వాళ్ళు, వెల్డింగు వాళ్ళు అక్కడ బారులు తీరి ఉంటారు. లారీ ఇంజన్లలో విరిగిన బోల్టులు తీసే చేతులకు సైకిలు బోల్టు ఒక లెక్కా?

లెక్కే అయింది! మిస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మేకు పెట్టి కొట్టింది ఎవరండీ?" అన్నాడు. కుర్రవాడు నేలచూపులు చూశాడు. మిస్త్రీ ఏమీ అనలేదు. ముక్క నెత్తిని ఆకురాయితో చదును చేసి గుంటను చాలావరకు పోగొట్టాడు. పంచితో సరిగ్గా నడిమధ్య చుక్క పెట్టాడు. 2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో మొదలుపెట్టి, నూనె వేస్తూ, మెల్లగా ఒక్కొక్క సైజే పెంచుతూ వచ్చాడు.

ఎం5 మరను నిలుపుకోవాలంటే 4.2 మిల్లీమీటర్ల బెజ్జం దగ్గిర ఆగాలి. అది సరిగ్గా మధ్యలో పడితే బోల్టు ముక్క పలచని తీగచుట్టలాగా ఊడివస్తుంది, పాత మర అట్లాగే మిగులుతుంది. కాని ఆ గుంట ఊరుకోలేదు. బెజ్జం వెంట్రుకవాసి ఒక పక్కకు వెళ్ళి, ఆ వేపు మర చెరిగింది.

"ఇక ఎం6 చెయ్యాల్సిందేనండీ," అన్నాడు మిస్త్రీ.

అంటే బెజ్జాన్ని 5 మిల్లీమీటర్లకు పెంచి, దానిలో 6 మిల్లీమీటర్ల బోల్టుకు కొత్తగా మర కొయ్యటం. ముందు చెవి వెడల్పు కొలిచాడు. 10 మిల్లీమీటర్లు ఉన్నది. 6 పోతే చుట్టూ 2 మిల్లీమీటర్ల ఉక్కు మిగులుతుంది. చాలు.

మర కోసే పనిముట్టును ట్యాపు అంటారు. ఉక్కు బోల్టుకు నిలువునా గాళ్ళు తీస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. మిస్త్రీ దానికి నూనె రాసి, నిటారుగా నిలిపి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పాడు. వెనక్కు ఎందుకంటే, తెగిన పొట్టు విరిగి గాళ్ళలోకి రాలటానికి. ఒక్కచుట్టు తొందరపడితే ట్యాపు విరుగుతుంది. ట్యాపు మామూలు డ్రిల్లుకు లొంగనంత గట్టి ఉక్కు. అది లోపల విరిగితే అప్పుడు నిజంగానే ఫ్రేముకు ముప్పు.

కుర్రవాడు రెప్ప వెయ్యకుండా చూశాడు. దారిలో, "ఆయన అంత బలమైన మనిషి, ఒక్కసారి కూడా బలం పెట్టలేదండీ!" అన్నాడు.

మర పోతే ఉన్న దారులు

బోల్టు విరగకుండా మర మాత్రమే చెడిపోవటం కూడా ఉంటుంది. బోల్టు తిరుగుతూనే ఉంటుంది, బిగియదు. అప్పుడు చిన్న దారి నుంచి పెద్ద దారికి పోవాలి.

మర కాస్త నలిగితే అదే సైజు ట్యాపు ఒకసారి నడిపిస్తే శుభ్రపడుతుంది. బయటి చుట్లు పోయి లోపలివి బాగుంటే కొంచెం పొడుగు బోల్టు వెయ్యవచ్చు. ఉక్కులో బోల్టు కనీసం తన లావంత లోతు దిగాలి. ఎం5 అయితే 5 మిల్లీమీటర్లు, అంటే ఆరు చుట్లు. అల్యూమినియంలో ఇంకా లోతు కావాలి. కాని కుడివేపు చెయిను ఉంటుంది, జాగ్రత్త! పొడుగు బోల్టు చివర చెయినుకు తగిలితే కొత్త ప్రమాదం. బెజ్జం రెండో వేపుకు తెరుచుకుని ఉండి, చోటు ఉంటే, వెనక ఒక నట్టు వేస్తే సరిపోతుంది. కాకపోతే మన మిస్త్రీ చేసినట్టు పెద్ద మర. లేదా బెజ్జం పెంచి, ఉక్కుతీగతో చేసిన మరచుట్టను దానిలో దించటం. అప్పుడు పాత సైజు బోల్టే పడుతుంది. అదీ కుదరకపోతే ఫ్రేము గొట్టం చుట్టూ పట్టీ వేసి దానికి క్యారియరును బిగించవచ్చు. వెల్డింగు అన్నిటికన్న చివరి మాట.

ఇవన్నీ క్యారియరు, మడ్‌గార్డు, సీసా వంటి వాటికి. బ్రేకు, హాండిలు, ముందు ఫోర్కు దగ్గిర బోల్టు చెడితే అతుకులు పనికిరావు. సైకిలు తొక్కటం మానేసి, తెలిసినవాడికి చూపించాలి.

వేరు బోల్టు, వేరు మర

మరలు చెడటానికి ఇంకో కారణం ఉన్నది. దొరికిన బోల్టల్లా బెజ్జంలో దూర్చటం. ఒకప్పుడు ఇంగ్లండులో ఒక్కొక్క కార్ఖానా తన ఇష్టమొచ్చినట్టు మరలు కోసుకునేది. ఒకరి బోల్టు ఇంకొకరి నట్టుకు పట్టేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన, ఏ లావు బోల్టుకు ఎన్ని చుట్లుండాలో, చుట్టు వాలు ఎంతో అందరికీ ఒకే లెక్క ఉండాలని ప్రతిపాదించాడు. అది నిలిచింది. తరవాత మిల్లీమీటర్ల మరలు వచ్చాయి.

స్వాతంత్ర్యానికి ముందు మనకు సైకిళ్ళు ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చేవి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ వెలిశాయి. కాని ఇంగ్లీషు మర కొన్ని భాగాల్లో నిలిచిపోయింది. పాతరకం సైకిళ్ళలో అంగుళానికి 26 చుట్లుండే మర కనిపిస్తుంది. అంటే చుట్టుకు 0.98 మిల్లీమీటరు. ఎం6 బోల్టుకు చుట్టు 1 మిల్లీమీటరు. ఎంత దగ్గిరో చూశారా? దగ్గిరగా ఉండటమే ప్రమాదం! లావు కూడా ఇంచుమించుగా కలిస్తే రెండు చుట్లు చక్కగా దిగి మూడో చుట్టుకు బిగుస్తుంది. "గట్టిగా ఉన్నది" అనుకుని పానా వేశామా, మర చిత్తు.

అందుకని ఏ బోల్టునయినా మొదటి రెండు మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. వేళ్ళకు లొంగకపోతే ఏదో తప్పు జరుగుతున్నదన్నమాట. బోల్టును బెజ్జం మీద పెట్టి ముందు విప్పే వేపు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట చిన్నగా టిక్కుమని దిగినట్టు తెలుస్తుంది. అదే మర మొదలు. అక్కడి నుంచి బిగించండి. ఇంకొక మాట. ఎడమ పెడలు మర తలకిందులుగా ఉంటుంది. అన్నిటిలాగా తిప్పితే అది విడిపోదు, ఇంకా బిగుస్తుంది. బలం పెట్టేముందు ఏ వేపు తిప్పాలో తెలుసుకోవాలి.

సోమవారం

కొత్త బోల్టులకు మర మీద కాస్త గ్రీజు రాసి బిగించాం. తడి లోపలికి పోకుండా గ్రీజు కాపాడుతుంది, ఈసారి విప్పాలంటే బోల్టు మొండికెయ్యదు. అదురుకు వదులు కాకుండా తలకింద స్ప్రింగు వాషరు వేశాం. కుడివేపు 6 మిల్లీమీటర్ల బోల్టు పట్టటానికి క్యారియరు కాలి బెజ్జాన్ని గుండ్రటి ఆకురాయితో కుర్రవాడే పెంచాడు. చివర పానా వాడి చేతికే ఇచ్చాను. బొటనవేలు తలకు దగ్గిరగా, పానా మధ్యలో పట్టుకుని బిగించాడు. ఒకచోట ఆగి, "ఇక్కడికి చాలనుకుంటానండీ," అన్నాడు. నేను చూశాను. చాలు.

సోమవారం తెల్లవారుజామున మా వీధిలో సైకిలు బెల్లు మోగింది. ఆయన ఇంతకుముందు ఎన్నడూ మా వీధికి రాలేదు. డబ్బా క్యారియరు మీద కదలకుండా కూర్చుని ఉన్నది. "మేష్టారండీ, ఇవాళ బోణీ మీదేనండీ," అన్నాడు. డబ్బులు పుచ్చుకోమని నేను చాలాసేపు పట్టుబట్టవలసి వచ్చింది.

పిల్లలూ! ఈ ఆదివారం మీరొక పని చెయ్యండి. నాన్ననో అన్నయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని మీ సైకిలు బోల్టులన్నీ ఒకసారి చూడండి. వదులైనదాన్ని సరయిన పానాతో బిగించండి. తుప్పు పట్టినదానికి రెండు చుక్కల నూనె వెయ్యండి. వానలో తడిసిననాడు పాతగుడ్డతో తుడవండి. దేన్నయినా తిప్పి కదలకపోతే, గొట్టం కోసం వెతక్కండి. నూనె వేసి, ఆ రాత్రికి నిద్రపోండి.

విరిగితే మటుకు దాచకండి. విరగటం తప్పు కాదు, అందరి చేతిలోనూ విరుగుతాయి, నా చేతిలోనూ విరిగింది. మన కుర్రవాడు మేకు పెట్టి కొట్టకుండా ఆ సాయంకాలమే ఎవరికయినా చూపించి ఉంటే, ఆ చెవిలో పాత మరే మిగిలి ఉండేదేమో.